కావలివాని కూలి

కంచెయే చేను మేసెననెడి సామెత మన తెలుగువారి నోట నిత్యము వినబడుచుండును. ఆ సామెత పలుకునప్పుడు మనము కంచెను నిందించి యూరకుందుము. ఆ కంచెకు ముండ్ల నెవరు తెచ్చిరి, ఎవరు నాటిరి, అది యెండి విరిగినప్పుడు బాగుచేయుట కెవరు కూలి యిచ్చిరి యని విచారింపము. ప్రజల ధనమానప్రాణములను కాపాడు రక్షకభటుల విషయమునను మన విచారణ ఇంతతోనే నిలిచిపోవుచున్నది. దొంగతనము జరిగిననాడు పోలీసులు చాలరందుము. అక్రమము జరిగిననాడు పోలీసులు చెడ్డవారందుము. చాలినంతమందిని నియమింపవలసినవారెవరు, వారికి చాలినంత జీతమిచ్చిరా, వారు త్రోవ తప్పినప్పుడు విచారించుటకు ఎవరిని నిలిపిరి అను ప్రశ్నలు మన యిండ్లలో పుట్టుట యరుదు. శాసనసభలలో సైతము ఎంతమంది భటులు, ఎన్ని బండ్లు, ఎన్ని తుపాకులు అను లెక్కలే మిక్కిలిగా వినబడును.

ఈ లెక్కలు అనావశ్యకములని నేననను. కాని వీనికంటె ముందు అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు. కావలివానికి కూలి యెవరిచ్చుచున్నారు? వాడు తప్పుచేసినచో ఎవరికి జవాబు చెప్పవలెను? ఏ ప్రభుత్వమైనను ఈ రెంటికి ఇచ్చిన సమాధానమును బట్టియే ఆ దేశమున ప్రజలు నిర్భయముగా నిద్రించిరో లేదో తెలియును. తెలుగుదేశమున ఈ సమాధానములు పలుమారులు మారినవి. ఆ మార్పులను వరుసగా చూచినచో నేటి మన కర్తవ్యము కొంత తేటపడగలదు.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున మిక్కిలి నిష్కర్షగా మాటలాడిరి. రాజు ప్రజలయొద్ద గైకొను ఆరవపాలు కానుక కాదనియు, రక్షణమను పనికి ముట్టిన కూలి యనియు బోధాయనుని మతము. కూలి పుచ్చుకొని పని చేయనివాడు ఋణస్థుడు గదా! కావుననే, దొంగలు కొనిపోయిన సొత్తును రాజు తన ప్రజలకు ఇచ్చుకొనవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఊరి పొలిమేరలోపల దొంగతనము జరిగినచో ఆ యూరును, దొంగ యడుగుజాడలు మరియొక యూరికి పోయినచో ఆ యూరును నష్టమును భరింపవలెనని కూడ నాతడు చెప్పెను. అంతటితో నిలువక, దొంగలనుండియు వంచకులనుండియు ప్రజలను కాపాడుట యెంత యవసరమో, లెక్కలు వ్రాయు రాజోద్యోగుల నుండి కాపాడుట అంతకంటెను అవసరమని హెచ్చరించెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరమను వ్యాఖ్య రచింపగా, తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన పదుమూడవ శతాబ్దిలోనే విజ్ఞానేశ్వరీయమను పేర దానిని తెనిగించెను. రాజు ప్రజలకు జవాబుదారి యను భావము మనకు పడమటినుండి దిగుమతియైనది కాదని దీనివలన తెలియుచున్నది.

కౌటిల్యుడు ఇంకను వివరములకు దిగెను. గ్రామములో బసచేసిన వర్తకుల సొమ్ము పోయినచో గ్రామాధికారియు, గ్రామముల నడుమ పోయినచో పచ్చికబీళ్ళ యధికారియు, బీళ్ళు లేనిచోట చోరరజ్జుకుడను ఉద్యోగియు దానిని పూరింపవలెనట. పట్టణములలో అగ్నిభయ నివారణమునకై ప్రతి గృహస్థుడును నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి మొదలగు పరికరములు సిద్ధముగా నుంచుకొనవలెను. వీధులలోను కూడళ్ళలోను నీటికుండలను వేలకొలదిగ వరుసలు తీర్చవలెను. పొరుగిల్లు మండుచుండగా పరుగెత్తి పోని యింటి యజమానునకు 12 పణములును, అద్దెకున్నవానికి 6 పణములును దండన. సామగ్రిని సమకూర్చుటయు, దానిని వాడుటయు, వాడనివానిని శిక్షించుటయు ఒకే విధిలో ముడివడియున్నవని గమనింపదగును.

గ్రంథములలోని విధులు వేరు, నడచిన నడవడి వేరు. మన పల్లెలలో కావలి పని తలారిది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల శాసనములలో మహాతలవరులను ఉన్నతాధికారులు కనబడుదురు. ఆ తలవర శబ్దమునకును మన తలారి శబ్దమునకును పండితులు సంబంధము చెప్పుదురు. మూడవ శతాబ్దిలో రాజబంధువులు ధరించిన బిరుదము కాలక్రమమున ఊరి చివర గుడిసెలో కాపురముండు పేదవాని వృత్తిపేరైనది! బారాబలవంతులని పిలువబడు పండ్రెండుమంది ఆయగాండ్రలో తలారి యొకడు. వానికి కొంత మాన్యము, కళ్ళమువద్ద రైతు కొలిచి యిచ్చు మేర, ఇవియే జీతము. ఊరివారే కూలి యిచ్చిరి. ఊరివారికే వాడు జవాబు చెప్పెను. ఈ యేర్పాటులో గొప్ప సుగుణము కలదు. తనకు గింజలు కొలిచినవాని యింటికి కన్నము పడినచో తలారికి తలయెత్తుకొన వీలులేదు. కాని గింజలు కొలుచుకొనుటకు పొలమే లేని మాలమాదిగల గుడిసెకు ఎవడు కావలి యుండెనని యడిగినచో ఆ యేర్పాటువద్ద సమాధానము లేదు. కూలి యిచ్చినవానికే కావలి దక్కినది.

పట్టణములలో నడచిన పద్ధతిని విదేశీయులు వ్రాసియుంచిరి. 1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, అచ్చట పండ్రెండువేలమంది కావలిభటులుండిరనియు, వారి జీతము వేశ్యావాటికల మీది యాదాయమునుండి వచ్చుచుండెననియు, పోయిన సొత్తును వారు రాబట్టవలెననియు, లేనిచో అపరాధము చెల్లింపవలెననియు తెలిపెను. తమ బృందములోని బానిసలు కొందరు పారిపోగా పురాధికారితో చెప్పుకొనిరట. ఆ యధికారి బీదలు నివసించు పేటలోని కావలివారిని పిలిచి, పారిపోయినవారిని తెచ్చుటయో సొమ్ము కట్టుటయో చేయుడని యాజ్ఞాపింపగా వారు సొమ్మే కట్టిరట. నూనిజ్ అను పోర్చుగీసువాడు తరువాత నూరేండ్లకు లోపల వ్రాసిన వృత్తాంతములో, ఒక సీమలో దోపిడి జరిగినచో ఆ సీమను ఏలు నాయకుడు దొంగను పట్టియియ్యవలెననియు, లేనిచో వాని యాస్తిని రాజు గైకొనుననియు కలదు.

చదువరులు ఈ రెండు వృత్తాంతములను పోల్చి చూడవలెను. నాయకుని నిలదీసినది న్యాయము. బీదపేట కావలివాని చేత బానిసల వెల కట్టించినది న్యాయమని యెట్లు చెప్పగలము? ఆ సొమ్ము వాడెచ్చటనుండి తెచ్చెను? తన పేటలోని బీదల నుండి వసూలు చేసియుండవలెను, లేదా అప్పుచేసియుండవలెను. ఇంతకును వాని జీతమునకు మూలము దిక్కులేని స్త్రీల దురవస్థ. ఒక యవమానముపై పన్ను వేసి ఆ సొమ్ముతో నగరమునకు మానరక్షణము చేయించుటలోని విపరీతము ఆనాటివారికి తోచినట్లు లేదు. జవాబుదారీతనము ఉండుట మాత్రమే చాలదు. అది పైనుండి క్రిందికి జారి బలహీనుని నెత్తిన పడకుండ నిలుపువా డొకడుండవలెను.

విజయనగరము కూలిన పిదప రాయలసీమలో పాళెగాండ్రు బలిసిరి. ఊళ్ళ కావలి వారి చేతిలోనికి పోయెను. కావలి రుసుము అను పేర వారు ఏటేట పైకము గైకొనిరి. రుసుము ఇయ్యని యూరికి దొంగలు వచ్చుట యాశ్చర్యము కాదయ్యెను. ఏలయన కాచువాడును దోచువాడును ఒక్కడే. 1800లో నైజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తము చేయగా, వానికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎనుబదిమందికి దగ్గరగా నున్న పాళెగాండ్ర సైన్యములను తొలగించి, కావలిని దొరతనమువారి పనిగా చేసెను. కావలి యిక మీద బేరము కాదనుట మంచి మార్పే. కాని బేరము పోయినచోట ఏమి నిలిచెను?

బెంగాలులో కార్న్‌వాలిసు ప్రభువు 1793లో దారోగాల పద్ధతిని స్థాపించెను. అక్కడి దారోగాకు నెలజీతముతోపాటు, శిక్షపడిన బందిపోటు ఒక్కొకనికి పది రూపాయలును, రాబట్టిన సొత్తులో నూటికి పది చొప్పునను బహుమానము. వినుటకు బాగుగనే యున్నది. కాని దొంగను పట్టినచో బహుమానమున్నప్పుడు, దొంగ దొరకనినాడు దొంగను కల్పించుటకును ఆశ పుట్టును. 1802లో ఈ దారోగా పద్ధతి చెన్నపురి రాజధానికిని వచ్చెను. ఊరి తలారి, ఊరి రెడ్డి వెనుకకు నెట్టబడిరి. దారోగాకు ఊరు తెలియదు; ఊరికి దారోగా తెలియడు. నేరములు తగ్గలేదు, ఖర్చు పెరిగెను. 1814లో కుంపిణీ డైరెక్టర్లు ఈ పద్ధతిని మానుడని వ్రాసిరి. మన్రో అధ్యక్షతను విచారణ జరిగి, 1816లో పదకొండవ రెగ్యులేషను పుట్టెను.

ఈ రెగ్యులేషను మన యూళ్ళ చరిత్రలో మిక్కిలి ముఖ్యమైనది. దారోగాలు పోయిరి. గ్రామ పెద్దయే గ్రామమునకు పోలీసు అధికారి. తలారి వాని సేవకుడు. తాలూకాకు తహసీల్దారు, జిల్లాకు కలెక్టరు. పన్ను వసూలు చేయువారే పోలీసులు కూడనైరి. ఖర్చు లేకుండ దేశమంతటను కావలి దొరకెనని దొరతనమువారు సంతసించిరి. చిన్న నేరములకు గ్రామ పెద్ద నేరస్థుని చావడిలో కొన్ని గంటలు నిర్బంధింపవచ్చును; అదే నేరము తక్కువ కులమువాడు చేసినచో బొండలో వేయవచ్చును. ఒకే తప్పునకు కులమును బట్టి రెండు శిక్షలు! చట్టములో అచ్చుపడిన యీ భేదమును చూచినప్పుడు, ప్రాచీన ధర్మశాస్త్రములనే నిందించి నవీన శాసనములను పొగడుట ఎంత తొందరపాటో తెలియును.

పన్నునకును లాఠీకిని పెండ్లిచేసిన ఫలము నలువదేండ్లకు బయటపడెను. శిస్తు చెల్లింపని రైతును ఎండలో వంగబెట్టి వీపున రాతి నుంచుట, చేతివ్రేళ్ళను కిట్టిలో బిగించుట, తలను కాలి బొటనవ్రేలికి చేర్చి కట్టుట మొదలగు హింసలు తాలూకా కచేరీలలో వాడుకయైనవి. నేరము నొప్పించుటకును ఇవే సాధనములు. చెన్నపట్టణమున క్రెసెంటు పత్రికను నడపి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించిన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి ఈ దురంతములను బయటపెట్టిన వారిలో అగ్రగణ్యుడు. 1853లో డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యుడు ఈ దేశమునకు రాగా, ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి రైతుల గోడు వినిపించెను. 1854లో పార్లమెంటున చర్చ జరిగెను. చెన్నపురి ప్రభుత్వమువారు ముగ్గురు సభ్యుల కమిషనును నియమింపగా, అది 1855లో నివేదిక సమర్పించెను. స్వయముగా వచ్చినవియు జాబుల మూలమున వచ్చినవియు కలిపి ఆ కమిషనుకు రెండువేలకు చేరువగా ఫిర్యాదులు చేరినవి. హింస జరుగుట నిజమని కమిషను నిర్ధారణ చేసెను.

ఆ ఫిర్యాదుదారులను తలచుకొనినచో మనసు కరగును. కచేరీ గడప తొక్కుటకే వణకు రైతు, తనను హింసించిన యుద్యోగి యింకను అదే తాలూకాలో నుండగా, దూరదేశము నడచి వచ్చి పరాయి దొరల యెదుట నిలిచి తన దెబ్బలను చూపెను. తిరిగి వెళ్ళిన పిదప తనకేమి కాగలదో వానికి తెలియును. అయినను వచ్చెను. మన పోలీసు సంస్కరణమునకు మూలపురుషులెవరని యడిగినచో గవర్నరుల పేర్లు చెప్పుట వాడుక. నా మట్టుకు ఆ పేరులేని రైతులకే ఆ గౌరవము చెందవలెనని తోచును.

కమిషను నివేదిక ఫలముగా 1859లో ఇరువదినాలుగవ చట్టము వచ్చెను. పోలీసును రెవిన్యూ నుండి విడదీసి, ఐర్లండు దేశపు పోలీసు మాదిరిని ప్రత్యేక శాఖను నిర్మించిరి. విలియం రాబిన్సను దానికి మొదటి యధిపతి. రెండేండ్లకు, అనగా 1861లో, తక్కిన బ్రిటిషు ఇండియాకు చేసిన పోలీసు చట్టమునకు చెన్నపురి యనుభవము తోడ్పడెను. ఇప్పుడు మొదటిసారిగా కావలివానికి ఊరి మేర కాక, వేశ్యల పన్ను కాక, పట్టినవానిపై బహుమానము కాక, ఖజానానుండి నెలజీతము నిర్ణయమయ్యెను. మొదటి ప్రశ్నకు సరియైన సమాధానము దొరకెను. రెండవ ప్రశ్నయో? కానిస్టేబు తన పై యధికారికి, అతడు తన పై వానికి, చివరకు గవర్నరుకు జవాబు చెప్పవలెను. ప్రజకు మాత్రము ఎవరును చెప్పనక్కరలేదు. ఐర్లండు మాదిరి పరాయి యేలుబడిలోని ప్రజను అణచుటకు కట్టినది. ఇంగ్లండులోని ఊళ్ళ పోలీసు మాదిరిని కాక దీనిని ఎన్నుకొనుటలోనే దొరతనమువారి యుద్దేశము తెలియుచున్నది.

శాసనకర్తలకే ఈ భటునియందు విశ్వాసము లేదనుటకు ఒక్క నిదర్శనము చాలును. పోలీసు అధికారి యెదుట ముద్దాయి చేసిన నేరాంగీకారము న్యాయస్థానమున సాక్ష్యముగా చెల్లదని 1861లో క్రిమినలు ప్రొసీజరు కోడులో వ్రాసిరి. 1872 నాటి సాక్ష్య చట్టములో అదియే ఇరువదియైదవ సెక్షను. 2023లో చేసిన క్రొత్త సాక్ష్య చట్టములోను ఆ విధి నిలిచియున్నది. తన చేతితో జీతమిచ్చి పెట్టుకొన్న కావలివాని మాటను యజమానుడు నూటయరువదేండ్లుగా నమ్మకుండుట వింత కాదా? ఆ విధి తీసివేయుడని నేననను. ముద్దాయికి అది కవచము. ఆ కవచము అవసరములేని దినమును తెచ్చుటకు ప్రయత్నమేమి జరిగెనని మాత్రము అడుగుచున్నాను.

జీతము నిర్ణయించిరంటిమి. ఎంత జీతము? 1902లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతను కూడిన పోలీసు కమిషను దేశమంతయు తిరిగి చూచి, పోలీసుశాఖ సామర్థ్యము లేనిదనియు, శిక్షణము చాలనిదనియు, లంచగొండితనమునకును పీడనమునకును పేరుపడినదనియు, ప్రజల నమ్మకమును పొందలేదనియు తీర్పు చెప్పెను. కానిస్టేబు జీతము ఎచ్చటను నెలకు 8 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసెను. ఆ మాట చెప్పవలసివచ్చెననగా అంతకు తక్కువ యిచ్చుచుండిరనుట స్పష్టము. పెండ్లాముబిడ్డలు గలవానికి చాలని జీతమిచ్చి, లాఠీ చేతికిచ్చి, ఊరిమీదికి పంపినచో వాడు తక్కిన జీతమును ఎచ్చట వసూలు చేసికొనునో వేరుగ చెప్పనక్కరలేదు. ప్రభుత్వము ఖజానాలో మిగిల్చిన రూపాయిని ప్రజ సంతలో, బాటమీద, ఠాణా గుమ్మమువద్ద చెల్లించెను.

నైజాము రాష్ట్రములోని తెలుగువారి స్థితి ఇంతకంటె మెరుగుకాదు. మొదటి సాలార్జంగు 1865లో జిల్లాబందీ చేసి, పిదప జిల్లాలలో పోలీసుశాఖను ఏర్పరచెను. కాని పాయెగాలలోను పెద్ద జాగీరులలోను ఎవరి పోలీసు వారిదే, ఎవరి న్యాయస్థానము వారిదే. ఒక వాగు దాటినచో చట్టము మారెడిది. ఈ స్థితి 1949లో జాగీరులు రద్దగువరకు సాగెను. ఊరికి వచ్చిన అమీను మొదలు జవానువరకు అందరికిని కుమ్మరి కుండలు, గొల్లవాడు గొర్రె, చాకలి మంగలి తమ సేవ, మాదిగవాడు బరువుమోత, ఇవన్నియు ఉచితముగా సమర్పింపవలెను. దీనికే వెట్టి యని పేరు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘము మొట్టమొదట చేపట్టిన పనులలో ఈ వెట్టిని ఖండించుట యొకటి. కావలివాని బస ఖర్చు ప్రభుత్వము పెట్టనిచోట కుమ్మరి పెట్టెను. అదియు ఒక పన్నే, కాని ఏ లెక్కలోను ఎక్కని పన్ను.

సామగ్రి మాట యెత్తినచో గోదావరి మన్యము జ్ఞప్తికి వచ్చును. 1879లో రంపపితూరీ లేచుటకు కల్లుపై పన్నుతోపాటు పోలీసుల బలవంతపు వసూళ్ళును కారణమని ఆనాటి విచారణలోనే తేలెను. నలువదిమూడేండ్లకు, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో, అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా పట్టి, 26 తుపాకులను, రెండువేల అయిదువందలకు పైగా తూటాలను కొనిపోయెను. మూడు దినములలో మూడు ఠాణాలు! తుపాకులు లేక కాదు ఆ ఠాణాలు ఓడినది. చుట్టునున్న కొండలలో ఆ ఠాణాకు మేలు కోరి ముందుగా కబురు చెప్పువా డొక్కడును లేకపోయెను. పిమ్మట దొరతనమువారు మలబారు స్పెషలు పోలీసును, అస్సాం రైఫిల్సును రప్పించి రెండేండ్లు పోరాడవలసివచ్చెను. ప్రజల ప్రేమను పోగొట్టుకొన్నవానికి ఆయుధము బలము కాదు. అది యెదుటివానికై దాచియుంచిన నిధి.

స్వరాజ్యము వచ్చెను. 1956లో ఆంధ్ర, తెలంగాణములు కలిసి ఒక రాష్ట్రమయ్యెను. రాజ్యాంగము పోలీసును రాష్ట్రముల వశమున నుంచెను. గ్రామమున మాత్రము 1895 నాటి మూడవ చట్టము ప్రకారము మునసబు, తలారి మొదలగు కొలువులు వంశపారంపర్యముగనే సాగుచుండెను. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో ఒక యూరు రెండుగా చీలగా, క్రొత్త గ్రామపు మునసబు పదవికి పాత మునసబు వంశమువాడను కారణమున ఒకనికి ప్రాధాన్యమిచ్చిరి. రెండవవాడు సుప్రీముకోర్టువరకు పోయెను. వంశమును బట్టి మాత్రమే ప్రభుత్వపు కొలువు నిచ్చుట రాజ్యాంగము పదునారవ యధికరణమునకు విరుద్ధమని 1960 డిశంబరులో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. వేయేండ్ల యాచారము ఒక సామాన్యుని వ్యాజ్యముతో కూలెను. 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గ్రామ మునసబు, కరణముల పదవులనే రద్దుచేసెను. 2019లో ఆంధ్రప్రదేశములో గ్రామ సచివాలయములు ఏర్పడినప్పుడు, స్త్రీలను మహిళా సంరక్షణ కార్యదర్శులుగా నియమించి, 2021లో వారిని మహిళా పోలీసులని పిలిచిరి. తలారి నిలిచిన గడపలో పరీక్ష నెగ్గిన యాడుబిడ్డ నిలుచుట చూచి మనము సంతసింపవచ్చును.

కాని స్త్రీకిని ఠాణాకును గల సంబంధమును గూర్చి ఒక చేదు నిజమును మరువరాదు. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట ఠాణాలో ఒక బీద ముస్లిం స్త్రీ అత్యాచారమునకు గురియయ్యెననియు, ఆమె భర్త దెబ్బలచే మరణించెననియు ఆరోపణ వచ్చి, నగరము అట్టుడికినట్లుడికెను. ప్రభుత్వము నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను దోషులని చెప్పెను. పిదప కర్ణాటకమునకు బదిలీయైన వ్యాజ్యములో న్యాయస్థానము ముద్దాయిలను విడిచిపెట్టెను. ఇట్టి సంఘటనల వలన పుట్టిన ఆందోళనయే 1983లో, నిర్బంధములోనున్న స్త్రీపై అత్యాచారమునకు ప్రత్యేకమైన కఠినశిక్ష విధించు చట్టమునకు దారితీసెను. 1855లో రైతు చూపిన గాయమునకును, 1978లో ఈమె చెప్పిన మాటకును నడుమ నూటయిరువదిమూడేండ్లు గడచినవి. జీతము మారినది, దుస్తు మారినది, ఏలువారు మారిరి. రెండవ ప్రశ్న మాత్రము మారలేదు.

2006 సెప్టెంబరు 22న సుప్రీముకోర్టు ప్రకాశ్ సింగు వ్యాజ్యములో రాష్ట్రములకు ఆజ్ఞలు చేసెను. పోలీసు ముఖ్యాధికారికిని, ఠాణాధికారికిని కనీసము రెండేండ్ల నిలుకడ. బదిలీలకు ఒక మండలి. నేరపరిశోధనను శాంతిభద్రతల పని నుండి వేరుచేయుట. రాష్ట్రమునకును జిల్లాలకును పోలీసులపై ఫిర్యాదులు వినుటకు ప్రత్యేకాధికార సంఘములు. ఇవి నేను పైన చెప్పిన రెండవ ప్రశ్నకు సమాధానములే. అనేక రాష్ట్రములు వీనిని కాగితముమీద అంగీకరించి పనిలో సడలించినవి. బండ్లు కొనుటకు చూపిన త్వర ఫిర్యాదు సంఘములను నిలుపుటలో కనబడలేదు. 2014లో తెలంగాణము ఏర్పడినవెంటనే హైదరాబాదు పోలీసులకు క్రొత్త కార్లు కొనిరి. అదే సంవత్సరము అక్టోబరులో స్త్రీల రక్షణకై షీ టీములను నెలకొల్పిరి. రెండవది నాకు మొదటిదానికంటె ఎక్కువ విలువగలదిగా తోచును. ఏలయన బండి దొంగను తరుముటకే పనికివచ్చును, మనుష్యులను ఒక ప్రత్యేకమైన పనికి నిలిపినచో ఆ పని జరిగినదా లేదా యని అడుగుటకు మనకు వీలు కలుగును.

కొలువుల లెక్కయు చూడుడు. 2020 జనవరి 1 నాటికి దేశమంతటను రాష్ట్రముల పోలీసుశాఖలకు మంజూరైన కొలువులు 26 లక్షలకు పైగా నుండగా, నిండినవి సుమారు 21 లక్షలు. 5 లక్షలకు పైగా ఖాళీలు. ఉన్నవారిలో స్త్రీలు నూటికి పదిమంది మాత్రమే. ఐదుగురు చేయవలసిన పని నలుగురిచే చేయించి, సెలవు లేక నిద్రలేక వారు కసరినప్పుడు మర్యాద నేర్చుకొనుడని పాఠము చెప్పుట న్యాయము కాదు. ఖాళీలలో కొంతపని హోంగార్డులచే జరుగుచున్నది. వారి దినవేతనము కానిస్టేబు కనీస జీతమునకు తీసిపోకుండవలెనని 2015లో సుప్రీముకోర్టు చెప్పవలసివచ్చెను. ఫ్రేజరు కమిషను 8 రూపాయలకు తగ్గరాదన్న మాటయు, ఈ మాటయు ఒకే కోవలోనివి. కావలివానికి కడుపునిండ పెట్టవలెనను మాటను మనము శతాబ్దమున కొకసారి న్యాయాధిపతుల చేతనో కమిషనుల చేతనో చెప్పించుకొనుచున్నాము.

సామగ్రిలోను భేదము కలదు. 2020 డిశంబరులో సుప్రీముకోర్టు ప్రతి ఠాణాలోను, గేటు మొదలు లాకప్పు వరకు, చీకటిలోను పనిచేయునట్టియు మాటలను గూడ గ్రహించునట్టియు కెమేరాలు పెట్టవలెననియు, ఆ చిత్రములను 18 నెలలు భద్రపరుపవలెననియు, ఏ పరిస్థితిలోను ఒక సంవత్సరమునకు తగ్గరాదనియు ఆదేశించెను. లాఠీ, తుపాకి, బండి, ఇవి దొంగకై కొన్న వస్తువులు. కెమేరా కావలివానికై కొన్న వస్తువు. మన చరిత్రలో రాజ్యము తన ఖర్చుతో తన భటునిపై కన్నువేయుటకు సామగ్రి కొనుట ఇదియే మొదలు కావచ్చును. అయితే కెమేరా గోడకు తగిలించినంత మాత్రమున చాలదు. ఆ చిత్రమును చూచువాడెవడు? చెడిపోయినదన్నప్పుడు ఎందుకు చెడినదని అడుగువాడెవడు? కిట్టి బిగించిననాడు రైతు చేతివ్రేళ్ళే సాక్ష్యము; నేడు యంత్రము సాక్ష్యము. సాక్ష్యమును విను చెవి లేనప్పుడు రెండును ఒకటే.

ఇల్లు నడుపు గృహస్థులును గృహిణులును ఈ సంగతులను తమవి కావనుకొనరాదు. మన పన్నులో కొంత కావలివాని కూలి; కావున మనమే వాని యజమానులము. శాసనసభ్యుడు ఓటుకై మన గుమ్మమునకు వచ్చినప్పుడు, మా ఠాణాకు బండి కొనిపెట్టుడని యడుగుట కంటె ముందు, మా ఠాణాలో ఖాళీలెన్ని, రాత్రి కావలియుండు హోంగార్డుకు దినవేతన మెంత, ఆడుపోలీసు ఉన్నదా, మా జిల్లాలో పోలీసులపై ఫిర్యాదు వినువారెవరు, వారిని నియమించి ఎన్నాళ్ళయినది, కెమేరాలు పనిచేయుచున్నవా యని యడుగవలెను. ఆ ప్రశ్నలకు పేరుతోను తేదీతోను సమాధానము చెప్పించుకొని వ్రాసియుంచుకొనవలెను. దూరదేశము నడచి పోయి తన గాయమును చూపిన రైతు మనకంటె పేదవాడు, చదువురానివాడు. అతడు వేసిన ప్రశ్నలో సగమే ఇప్పటికి తీరినది. తక్కిన సగమును అడుగుట మన వంతు.